ఇరవై ఏళ్లు దాటిన జపాన్ ఫ్యామిలీ కారు: పన్నెండేళ్లు నడిపాక నా రివ్యూ

మొదటే చెప్పేస్తున్నా, నా బండి ఏ కంపెనీదో ఇందులో రాయను. రాస్తే మాటంతా ఆ బ్యాడ్జీ చుట్టూనే తిరుగుతుంది, నేను చెప్పాలనుకున్నది పక్కకి పోతుంది. 2003 మోడల్ జపాన్ సెడాన్, 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ఎవరూ తల తిప్పి చూడని బూడిద రంగు. 94,000 కిలోమీటర్ల మీద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పన్నెండేళ్లయింది. మొన్న మీటరు 3,12,000 దాటింది. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు, గేర్ బాక్సూ విప్పలేదు. రోడ్డు మీద ఆగిపోయింది ఒక్కసారే, అదీ బ్యాటరీ వల్ల, అందులోనూ తప్పు నాదే, ఆరేళ్ల బ్యాటరీని ఇంకో ఏడాది లాగుదాంలే అనుకున్నాను.

ఇలా చెప్పగానే "చూశారా, జపాన్ బండి చావదు" అంటారు. నా గొడవంతా ఆ మాటతోనే. ఎందుకు చావదు, శుభ్రంగా చస్తుంది. నా బండిలో ఇప్పటిదాకా మార్చినవి చెప్తాను: క్లచ్ ప్లేట్ రెండుసార్లు, వాటర్ పంప్, రేడియేటర్, ఆల్టర్నేటర్ బ్రష్‌లు, ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మూడుసార్లు, ఇంజిన్ మౌంట్లు, ఒక ఆక్సిజన్ సెన్సర్, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్. చిన్న లిస్టేం కాదు. కాకపోతే వీటిలో ఒక్కటి కూడా చెప్పకుండా పోలేదు. ఆల్టర్నేటర్‌కి పని పడబోయే ముందు రాత్రిళ్లు సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు కొంచెం మసకబారేవి, యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే మళ్లీ వెలిగేవి. మౌంట్ పోయే ముందు ఏసీ వేసినప్పుడల్లా స్టీరింగ్ వణికేది. క్లచ్ అయితే ఆరు నెలల ముందు నుంచే పెడల్ పైపైన పట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు గొణుగుతుంది, తర్వాత అరుస్తుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఈ తరం బండ్లలో నాకు నచ్చింది ఇదే, మిగతాదంతా దీని తర్వాత.

ఒకటి వివరంగా చెప్తాను. నా బండిలో టెంపరేచర్ సూది, ఇంజిన్ వేడెక్కాక సగం గీతకి వెంట్రుకవాసి కింద ఆగుతుంది. ఎండైనా, వానైనా, ట్రాఫిక్‌లో గంట నిలబడ్డా అక్కడే, మేకు కొట్టినట్టు. (చాలా కార్లలో చిన్న చిన్న తేడాలకి ఆ సూది కదలకుండా కంపెనీ వాళ్లే అలా పెడతారు, కాబట్టి అది కదిలిందంటే లోపల ఏదో గట్టిగానే జరుగుతోందని లెక్క.) కింద చెప్పబోయే ఒక్క నెల తప్ప, ఏడేళ్లు దాన్ని అక్కడే చూశాను. ఒక రోజు ఎత్తు ఎక్కుతుంటే సూది సరిగ్గా సగం గీత మీద ఉంది. అంతే, ఇంకేమీ లేదు. మా ఆవిడకి చెప్తే "మీకు బండి మీద అనుమానం జబ్బు పట్టుకుంది" అంది. ఇంటికొచ్చి, ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాను. రేడియేటర్ పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే చోట, లేత ఎర్రగా, ఆరిన ఉప్పు పొరలా ఒక గీత. కూలెంట్ చెమటలా ఊరి అక్కడికక్కడే ఆవిరైపోతోంది, కింద ఒక్క చుక్క పడలేదు, పక్కన డబ్బాలో మాత్రం వేలెడు తగ్గింది. రేడియేటర్ మార్చడం ఒక పూట పని. అదే పట్టించుకోకుండా ఇంకో రెండు వేల కిలోమీటర్లు తిప్పి ఉంటే ఇంజిన్ హెడ్ వంగి, గ్యాస్కెట్ పోయి, ఈపాటికి నేను కూడా "జపాన్ బండ్లా, అంతా పేరుకే" అని ఇంకో రకం రివ్యూ రాస్తుండేవాణ్ణి.

దానికి ముందు ఇంకో ముచ్చట కూడా జరిగింది. ఒక గ్యారేజీలో సర్వీస్‌కి ఇస్తే అక్కడి మెకానిక్ "సార్, ఈ వాల్వ్ అక్కర్లేదు, తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ కూల్‌గా ఉంటుంది" అని థర్మోస్టాట్ పీకేశాడు, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే. నేనూ తలూపాను, తెలిస్తేగా. నెల రోజులు సూది పావు దాటి పైకి రాలేదు, మైలేజీ పడిపోయింది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంది మరి. మంచి బండిని మంచి ఉద్దేశంతోనే పాడుచేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఇవి అంతకాలం ఎందుకు నిలుస్తాయంటే మంత్రమేమీ లేదు, పెద్దగా ఆశపడకుండా కట్టిన బండ్లు అవి. 1990ల కొరోలాల్లో వచ్చిన టయోటా 4ఏ-ఎఫ్‌ఈ ఇంజిన్‌నే తీసుకోండి, 1.6 లీటర్లకి సుమారు 100 హార్స్‌పవర్. ఇప్పుడు ఒక్క లీటరు, మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ అంతకంటే ఎక్కువే ఇస్తోంది, కానీ ఆ కొద్దిపాటి లోహం మీద ఎంత వేడి, ఎంత ఒత్తిడి పడుతుందో ఆలోచించండి. పాతదాంట్లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్‌ల (గాలి లోపలికి వచ్చే వాల్వ్‌ల) వెనకాల పడుతుంది, పోతూ పోతూ వాల్వ్‌ని కడిగేసి పోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది కాబట్టి ఆ కడుగుడు లేదు, వాల్వ్‌ల మీద మసి పేరుకుంటుంది. పైగా 4ఏ-ఎఫ్‌ఈలో వాల్వ్‌లనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వ్‌లు పిస్టన్‌కి తగలవు, బండి ఆగుతుంది, కొత్త బెల్ట్ వేస్తే మళ్లీ నడుస్తుంది. అలాగని ఆ తరం బండ్లన్నీ ఇంతే అనుకోవద్దు. హోండా ఇంజిన్లలో చాలావాటికి బెల్ట్ తెగితే వాల్వ్‌లు వంగిపోతాయి, అక్కడ బెల్ట్ టైముకి మార్చకపోవడమంటే తెలిసి తెలిసి గోతిలో దూకడమే.

ఇంకో సంగతి, బాడీ మారినా లోపలి ఇంజిన్‌నే ఏళ్ల తరబడి కొనసాగించేవాళ్లు, ఒక బ్యాచ్‌లో బయటపడ్డ తప్పు తర్వాతి దాంట్లో సరిదిద్దేవాళ్లు. ఇది ఒక్క రోజులో వచ్చిన బుద్ధి కాదు. క్వాలిటీని లెక్కలతో ఎలా పట్టుకోవాలో అమెరికా నుంచి వచ్చిన డెమింగ్ 1950లో జపాన్ ఇంజినీర్లకి పాఠాలు చెప్పాడు, ఆయన పేరు మీద పెట్టిన ప్రైజ్ 1965లో టయోటాకి వచ్చింది. టయోటా ఫ్యాక్టరీ లైన్‌లో పనిచేసే మామూలు మనిషి కూడా తప్పు కనిపిస్తే తాడు లాగి పిలవొచ్చు, అక్కడికక్కడ సరికాకపోతే లైనే ఆగిపోతుంది.

ఈ పద్ధతి జపాన్ గాలిలోనే ఉందా, బయట కూడా పనిచేస్తుందా అనేదానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ. జనరల్ మోటార్స్ మూసేసిన ప్లాంట్ అది. 1984లో టయోటా, జీఎం కలిసి నమ్మీ అనే పేరుతో మళ్లీ తెరిచాయి, పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. తర్వాత అదే ప్లాంట్ నుంచి కొరోలా వచ్చింది, దాదాపు అదే కారు జియో ప్రిజమ్ అనే పేరుతో జీఎం షోరూముల్లోకీ వెళ్లింది. లోపల యంత్రం ఒకటే. అయినా సెకండ్ హ్యాండ్‌లో ప్రిజమ్ తక్కువకే దొరికేది, కొరోలాకి మాత్రం గిరాకీ. బ్యాడ్జీకి డబ్బు కట్టడమంటే ఏంటో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అందుకే "జపాన్‌దైతే చాలు, కళ్లు మూసుకుని కొనెయ్" అనే సలహా అస్సలు వినకండి. టయోటా 1ZZ-ఎఫ్‌ఈ ఇంజిన్, 1.8 లీటర్లది, తొలి ఏళ్లలో పిస్టన్‌లో ఆయిల్ దిగే రంధ్రాలు చిన్నవి కావడంతో ఆయిల్ తాగేది, తర్వాత పిస్టన్లు మార్చాక ఆ జబ్బు తగ్గింది. హోండాలో 1999 నుంచి 2004 మధ్య వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌తో వచ్చిన ఆటోమేటిక్ గేర్ బాక్సులు త్వరగా పాడైన కథ చాలామందికి తెలిసిందే. నిస్సాన్ సీవీటీలు, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్‌లు, ఎంత ఇబ్బంది పెట్టాయో చెప్పక్కర్లేదు. మిత్సుబిషి అయితే కస్టమర్ల ఫిర్యాదుల్ని ఏళ్ల తరబడి దాచిపెట్టామని 2000లో ఒప్పుకుంది. కాబట్టి దేశం కాదు చూడాల్సింది, ఏ ఇంజిన్, ఏ గేర్ బాక్స్, ఏ సంవత్సరం. డైరెక్ట్ కాని మామూలు ఇంజెక్షన్, టర్బో లేని నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు లేదా పాత పద్ధతి నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉంటే సగం టెన్షన్ పోయినట్టే.

మిగతా సగం పాత ఓనరు చేతిలో ఉంటుంది. అసలు ఈ బండ్లని చంపేది వాటికున్న మంచి పేరే. "దానికేం కాదు" అనుకుని ఇరవై వేల కిలోమీటర్లు ఒకే ఆయిల్‌తో తోలేస్తారు, కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోస్తారు, గేర్ ఆయిల్ అనేది ఒకటుందనే మర్చిపోతారు. ఇంకో బండైతే మూడో ఏటే మొరాయించేది, ఇది పాపం పదేళ్లు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత మీలాంటి అమాయకుడు కొనుక్కోగానే పడుకుంటుంది.

అందుకే చూడ్డానికి వెళ్లేటప్పుడు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నట్టే. చల్లటి ఇంజిన్ మొదటి రెండు మూడు సెకన్లలో చెప్పే నిజం తర్వాత గంటసేపు తిప్పినా చెప్పదు: చైన్ గలగల, సైలెన్సర్ దగ్గర నీలం పొగ. ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూడండి, తేనె రంగు అయితే సంతోషం, నల్లటి జిగురు గడ్డకట్టి ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. మీటరు 80,000 చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు నలిగిపోయి ఉంటే ఆ మీటరుని కాదు, పెడల్‌ని నమ్మండి. కింద పడుకుని తుప్పు చూడాలి, తలుపుల కింద అంచులు, వెనక చక్రాల తోరణాలు, డిక్కీలో స్టెప్నీ కింద గుంట. ఇంజిన్ ఎన్నేళ్లైనా వస్తుంది, తుప్పు పట్టిన బాడీకి మందు లేదు. బిల్లుల ఫైలు తీసి చూపించే ఓనరు దొరికితే కొంచెం ఎక్కువ అడిగినా బేరం ఆడకండి, నా మాట వినండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఎయిర్ బ్యాగులు. తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగుని గాలితో నింపే డబ్బాల్లో) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికి వచ్చాయి, ప్రాణాలు పోయాయి. కార్ల చరిత్రలోనే అతి పెద్ద రీకాల్ అది, కంపెనీ 2017లో దివాలా తీసింది. దెబ్బ పడిన వాటిలో 2000ల నాటి హోండాలు, టయోటాలు బోలెడు. ఛాసిస్ నంబరుతో రీకాల్ చెక్ చేసి, మార్చారా లేదా తేల్చుకోకుండా పాత జపాన్ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. మార్పిడికి ఓనరు డబ్బు కట్టక్కర్లేదు, కంపెనీలే చేస్తాయి.

ఇక నచ్చనివి. సేఫ్టీ విషయంలో కొత్త కారుతో పోల్చడానికే లేదు. నా దాంట్లో రెండు ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి, జారినప్పుడు బండిని అదుపు చేసే ఈఎస్‌సీ లేదు, పక్క నుంచి గుద్దితే కాపాడే కర్టెన్ ఎయిర్ బ్యాగులు లేవు. హైవే మీద రాత్రి ప్రయాణాలు తగ్గించేశాను, హెడ్‌లైట్లు పాలిష్ చేయించినా అంతంత మాత్రమే. వంద దాటితే టైర్ల హోరులో మాట వినపడదు. ఇంట్లో కారు ఒక్కటే ఉండి, రోజూ హైవే మీదే తిరగాలంటే నేను ఇది కొనమని చెప్పను. ఊళ్లో తిరగడానికి, రెండో బండిగా, బానెట్ ఎత్తి చూసే ఓపిక ఉన్నవాళ్లకైతే మాత్రం నా ఓటు దీనికే.

1990 మోడల్ హోండా అకార్డ్ ఒకటి 2011లో పది లక్షల మైళ్లు దాటింది, కంపెనీ వాళ్లు ఆ ఓనరుకి కొత్త అకార్డ్ ఇచ్చారు. అందరూ ఆ ఇంజిన్‌ని పొగుడుతారు. ఆయన సర్వీసులు తప్పకుండా చేయించుకున్న మనిషి, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. అదే ఏడాది తయారై ఎప్పుడో తుక్కుకి పోయిన అకార్డ్‌ల గురించి ఎవరు రాస్తారు.

నా బండికి వచ్చే నెల బుష్‌లు మళ్లీ మార్చాలి, నాలుగోసారి. గుంతలో పడితే ముందు ఎడమవైపు టక్కుమంటోంది, ఇంకా గొణుగుడే, అరుపు దాకా రాలేదు. వెనక ఎడమ తలుపు అద్దం మూడేళ్లుగా సగంలో ఆగిపోతోంది, స్విచ్ ఒకసారి కిందికి నొక్కి వెంటనే పైకి ఎత్తితేనే పూర్తిగా మూసుకుంటుంది. అది మాత్రం బాగుచేయించలేదు. అక్కడ కూర్చునేది మావాడు, వాడికి ఆ కిటుకు వచ్చు.