టాక్సీప్రాక్సీతో రీడ్ టైమౌట్ పరీక్షలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నెట్‌వర్క్ లోపాలను కావాలని సృష్టించి చూడటానికి షాపిఫై వాళ్లు ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన మధ్యవర్తి ప్రోగ్రామ్ టాక్సీప్రాక్సీని నేను ఏళ్లుగా ప్రధానంగా ఒకే పనికి వాడుతున్నాను. డేటాబేస్ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతే మన అప్లికేషన్ ఏం చేస్తుందో చూడటానికి.

చాలామంది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ_స్లీప్(10) (పది సెకన్లు ఊరికే ఆగే ఫంక్షన్) నడిపి, సాకెట్ టైమౌట్ (డేటా కోసం ఒక్కో రీడ్ ఆగే గరిష్ఠ సమయం, అదే రీడ్ టైమౌట్) 2 సెకన్లు పెట్టి, ఎక్సెప్షన్ రాగానే పరీక్ష అయిపోయిందంటారు. సెట్టింగ్ డ్రైవర్ (అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) దాకా చేరిందా లేదా తెలుసుకోవడానికి అది చాలు, అదీ అవసరమే. పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ (జావా) డ్రైవర్ ఈ విలువను సెకన్లలో తీసుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ మిల్లీసెకన్లలో. మైఎస్‌క్యూఎల్‌కు పెట్టిన 5000ను పోస్ట్‌గ్రెస్‌కు అలాగే అతికిస్తే గంటా ఇరవై మూడు నిమిషాలు! అసలేమీ పెట్టకపోతే రెండింటిలోనూ డిఫాల్ట్ 0, అంటే ఎదురుచూపులకు అంతే లేదు. కనెక్షన్లను ముందే తెరిచి పూల్‌గా ఉంచే లైబ్రరీ హికారీలో ఉండే 30 సెకన్ల కనెక్షన్ టైమౌట్ కాపాడుతుందనుకోవద్దు, అది పూల్‌లో కనెక్షన్ దొరికే దాకా ఆగే సమయం మాత్రమే.

టాక్సీప్రాక్సీ అసలు ఉపయోగం దీని తర్వాతే. అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్య దాన్ని పెట్టి, 8474 పోర్టులోని ఏపీఐ ద్వారా 'టైమౌట్' టాక్సిక్‌ను (టాక్సిక్ అంటే అది కలిగించే ఒక్కో లోపం) 0 విలువతో తగిలిస్తే కనెక్షన్ తెగదు, కానీ డేటా ఒక్క బైటూ దాటదు. పూల్‌లో అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లకూ ఇది వర్తిస్తుంది.

నాకు బాగా ఉపయోగపడింది 'బ్యాండ్‌విడ్త్' టాక్సిక్. సెకనుకు 1 కేబీకి తగ్గించి, 600 కేబీల రిపోర్టు క్వెరీ నడిపి చూడండి. 2 సెకన్ల రీడ్ టైమౌట్ ఉన్నా పది నిమిషాలు నడుస్తుంది, ఎర్రర్ రాదు. ఎందుకంటే ఆ లెక్క ఒక్కో రీడ్‌కే, క్వెరీ మొత్తానికి కాదు. కుళాయి చుక్కచుక్కగా కారుతున్నంతసేపూ నీళ్లు ఆగిపోయాయని ఎవరూ అనరు కదా! మొత్తం సమయానికి హద్దు కావాలంటే అప్లికేషన్‌లోనే విడిగా డెడ్‌లైన్ పెట్టుకోవాలి.

ఎక్సెప్షన్ వచ్చాక పీజీ_స్టాట్_యాక్టివిటీ (పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో ఇప్పుడు ఏం నడుస్తోందో చూపే పట్టిక) కూడా చూడటం మరవకండి. క్లయింట్ వెళ్లిపోయినా సర్వర్‌లో క్వెరీ ఇంకా 'యాక్టివ్'గానే కనిపించవచ్చు. అది అప్‌డేట్ అయితే కమిట్ కూడా అయిపోవచ్చు, కాబట్టి గుడ్డిగా రీట్రై చేస్తే డబుల్ ఎంట్రీలే. సర్వర్ వైపు స్టేట్‌మెంట్_టైమౌట్ (హద్దు దాటిన క్వెరీని సర్వరే ఆపేసే సెట్టింగ్) కూడా పెట్టి తీరాలి.

లోపాలూ ఉన్నాయి. సర్టిఫికెట్‌లో హోస్ట్ పేరు సరిచూసే సెట్టింగ్ ఉంటే, మధ్యలో ప్రాక్సీ రాగానే కనెక్షనే కుదరదు. ఇది చిన్న చిక్కే. పెద్దది టీసీపీ కీప్‌అలైవ్‌ను (అవతలివైపు బతికే ఉందా అని ఖాళీ ప్యాకెట్లతో చూసుకునే పద్ధతి) దీనితో పరీక్షించలేకపోవడం: డేటాను ఆపేసినా ప్రాక్సీ ఉన్న మెషీన్ కెర్నెల్ మాత్రం ప్యాకెట్లకు జవాబిస్తూనే ఉంటుంది, క్లయింట్‌కు అవతలివైపు బతికే ఉందనిపిస్తుంది. దానికి ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టుకు ప్యాకెట్లను పారేసే డ్రాప్ రూల్ పెట్టడం ఒక మార్గం. రూట్ హక్కులు కావాలి గనుక ఆ ఒక్క పరీక్షను నేను సీఐలో (కోడ్ మారినప్పుడల్లా ఆటోమేటిగ్గా నడిచే పరీక్షల్లో) పెట్టకుండా విడి వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) నడుపుతాను.