జింకల వేటకు లామినేట్ స్టాక్: చాలా సీజన్లు వాడాక

అమెరికాలోని మిషిగన్‌లో రైఫిల్‌తో జింకల సీజన్ నవంబర్ 15న మొదలై 30తో ముగుస్తుంది. ఉత్తరాన అప్పర్ పెనిన్సులాలో ఆ రోజుల్లో వాన, మంచు ఒకే పూట పడతాయి. నా .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు లామినేట్ స్టాక్ (బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, పట్టి ఉంచి వెనక భుజానికి ఆనే భాగం) వేయించి అక్కడే ఏళ్ల తరబడి వాడుతున్నాను. లైసెన్స్ తీసుకుని ఇక్కడ వేటకు వెళ్లే మనవాళ్ల కోసం రాస్తున్నా. ఇండియాలోనైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం.

ముందున్న వాల్‌నట్ స్టాక్ చూడటానికి చాలా అందంగా ఉండేది. కానీ కర్ర తేమ పీల్చి ఉబ్బేది, బ్యారెల్‌ను ఒక పక్కకు నొక్కేది. అక్టోబర్‌లో సరిచూసుకున్న గురి నవంబర్ వానకు తప్పేది. లామినేట్ అంటే పల్చటి చెక్క పొరలను జిగురుతో అతికించి గట్టిగా ఒత్తిన దిమ్మ. అంత తేలిగ్గా వంగదు. బాగా తడిసిన రోజు కూడా బ్యారెల్ కింద డాలర్ నోటు దూర్చి లాగితే ఎక్కడా పట్టకుండా జారుతుంది, అంటే స్టాక్ బ్యారెల్‌కు తగలట్లేదన్నమాట. కాకపోతే లోపల చెక్కిన చోట, రీకాయిల్ ప్యాడ్ (భుజానికి ఆనే మెత్త) కింద పూత పల్చగా ఉంటే తేమ పీల్చకుండా సీలర్ రాయించాలి.

బరువు మాత్రం ఎక్కువే. రోజంతా నడిచేవాళ్లు ఖరీదైనా మంచి ఫైబర్‌గ్లాస్ చూసుకోవాలి. నేను ఒకచోట కూర్చుని కాలుస్తాను కాబట్టి ఆ బరువు నాకు మేలే చేసింది, భుజానికి దెబ్బ తగ్గింది. చవక ప్లాస్టిక్ వద్దంటాను. కొన్నిటిని వేళ్లతో నొక్కితేనే వంగి బ్యారెల్‌కు తగులుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం కొలత. ట్రిగర్ నుంచి బట్ (స్టాక్ వెనక కొస) చివరిదాకా సాధారణంగా 13.5 అంగుళాలు ఉంటుంది. షాపులో టీషర్టు మీద అది సరిపోయినట్టే అనిపిస్తుంది. లోపల థర్మల్, పైన స్వెటర్, ఆపైన దళసరి నారింజ జాకెట్ వేసుకుంటే బట్ చంక దగ్గర బట్టకు తట్టుకుంటుంది, కన్ను స్కోప్‌కు (గురి చూసే దుర్భిణికి) దూరమవుతుంది. అయిదున్నర అడుగుల మనిషిని, నాది 13 అంగుళాలకు తగ్గించుకున్నాను.

తర్వాత చెంప ఆనే ఎత్తు. ఖాళీ రైఫిల్‌ను కళ్లు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆనించి కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనిపించాలి. అంచున నల్లటి నీడ పడితే ఆ స్టాక్ మీకు నప్పదు. పొద్దువాలే వేళ చెట్లలోంచి వచ్చే జింక ఎక్కువసేపు నిలబడదు. ఆ తొందరలో తల సర్దుకుంటూ కాలిస్తే అది గాయంతో పారిపోతుంది, ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. అలా జరగకూడదు.

కొనడానికి వెళ్లేటప్పుడు వేట జాకెట్ వెంట తీసుకెళ్లండి. వేసుకుని చూస్తానంటే షాపువాళ్లు కాదనరు.