టిఫిన్ సెంటర్‌లో సౌండ్‌బాక్స్: ఏళ్ల తరబడి వాడుతున్నాక నా అభిప్రాయం

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది చిన్న టిఫిన్ సెంటర్. పెనం దగ్గర నేను, పార్సిళ్ల దగ్గర మా ఆయన, గల్లాపెట్టె దగ్గర మా అత్తమ్మ. డబ్బులు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ మా గల్లాపెట్టె పక్కకు చేరి కొన్నేళ్లయింది. ఈ మధ్య కొత్తగా షాపు పెట్టుకునేవాళ్లు వచ్చి "తీసుకోమంటావా అక్కా, నెల నెలా అద్దె దండగ కదా" అని అడుగుతున్నారు. తీసుకోమనే చెబుతున్నాను. ఆ వస్తువు మీద నాకున్న ఫిర్యాదులు చిన్నవి. దాన్ని మనకు అంటగట్టే పద్ధతి గురించి మాత్రం చాలా చెప్పాలి.

ముందు వస్తువు సంగతి. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మాకు ఊపిరాడదు. మార్కెట్‌లో మూటలు మోసే హమాలీలు, కాలేజీ పిల్లలు, లారీ డ్రైవర్లు అందరూ ఒకేసారి వస్తారు. "బిన్నా ఇయ్యక్కా, బస్సు పోతాది" అంటారు. నా చేతికి పిండి, మా ఆయన చేతికి చట్నీ. ఫోన్ తీసి మెసేజ్ చూసే వీలెక్కడిది? సౌండ్‌బాక్స్ లేని రోజుల్లో వచ్చినవాళ్లు "ఫోన్‌పే కొట్టానక్కా" అని తమ ఫోన్ మా మొహానికి చూపించి పోయేవాళ్లు. పచ్చ రంగు టిక్కు కనిపిస్తే నమ్మేవాళ్లం. అచ్చం అలాంటి స్క్రీనే చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది. నిన్నటి స్క్రీన్‌షాట్ ఇవాళ చూపించేవాళ్లూ ఉన్నారు. అనుమానంతో అడిగితే నిజాయితీగా కట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అడక్కపోతే మన డబ్బు పోతుంది. రాత్రి లెక్క చూసుకునేటప్పుడు తేడా వస్తే ఆ టెన్షన్ అంతా ఇంట్లో మాటా మాటా అనుకోవడంగా మారేది.

ఈ పెట్టెను తయారు చేసినవాళ్లు స్క్రీన్ పెట్టకుండా గొంతు పెట్టారు. నా దృష్టిలో దీని గొప్పతనం అక్కడే ఉంది. ఇప్పుడు మార్కెట్‌లోకి వచ్చే ప్రతి వస్తువుకూ ఒక స్క్రీన్, ఒక యాప్, ఒక పాస్‌వర్డ్ ఉంటున్నాయి. మిక్సీ కొన్నా యాప్ వేసుకోమంటున్నారు. దీనికి మాత్రం చెవులుంటే చాలు. మా అత్తమ్మకు చదువు రాదు, చూపు కూడా తగ్గింది. ఫోన్లలో డబ్బులు కట్టడం మొదలైన కొత్తలో "నాకిక గల్లా దగ్గర పనేముంది" అని ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఈ పెట్టె వచ్చాక మళ్లీ ముందుకు జరిగారు. "ఎనభై రూపాయలు" అని అది తెలుగులో చెప్పగానే, "ఎనభై వచ్చింది, ఆ చొక్కా అబ్బాయికి రెండు కారం దోశలు" అని ఆవిడ లోపలికి కేక వేస్తారు. నేను పెనం మీద నుంచి తల ఎత్తక్కర్లేదు. గొంతు సరిగా వినబడకపోతే మళ్లీ చెప్పించుకునే బటన్ ఒకటుంది. ఆవిడ బొటనవేలు పడీ పడీ ఆ బటన్ మీద గుర్తు చెరిగిపోయింది, కింద తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. ఇంట్లో టీవీ రిమోట్ ముట్టని మనిషి ఆవిడ.

ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. కట్టేవాళ్ల ఫోన్‌కూ ఈ పెట్టెకూ నేరుగా ఏ సంబంధమూ లేదు. లోపల సిమ్ కార్డు ఉంటుంది. డబ్బు మన ఖాతా వైపు చేరిందని కంపెనీ సర్వర్‌కు కబురు అందాక, ఆ సర్వర్ నుంచి సిమ్ ద్వారా పెట్టెకు చిన్న మెసేజ్ వస్తుంది. అప్పుడే అది నోరు తెరుస్తుంది. అందుకే దొంగ స్క్రీన్ ఎంత చక్కగా చేసినా దీన్ని పలికించలేరు. మన క్యూఆర్ స్టిక్కర్ మీద ఎవడైనా తన స్టిక్కర్ అంటించిపోయినా ఇట్టే బయటపడుతుంది, ఎందుకంటే జనం కడుతూనే ఉంటారు గానీ పెట్టె పలకదు. అసలు ఈ క్యూఆర్ గళ్లను 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీ తయారు చేసింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. మన దేశంలో యూపీఐ 2016లో వచ్చింది. పేటీఎం 2019లో సౌండ్‌బాక్స్ తెచ్చింది, ఫోన్‌పే 2022లో తన స్పీకర్ దింపింది. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద యూపీఐ చెల్లింపుల సంఖ్య ఒకే నెలలో మొదటిసారి 2,000 కోట్లు దాటింది. అందులో మా ఇడ్లీ ప్లేట్లు కూడా ఉన్నాయి.

ఇక లోపాలు. సిగ్నల్ సరిగా లేకపోతే పెట్టె ఆలస్యంగా మాట్లాడుతుంది. మామూలు రోజుల్లో రెండు మూడు సెకన్లలో చెప్పేస్తుంది. రొట్టెల పండుగ వచ్చిందంటే కథ మారిపోతుంది. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం వస్తారు, ఊరంతా ఫోన్లతో నిండిపోతుంది. ఆ రోజుల్లో కట్టినవాళ్లు చేతిలో ప్లేటుతో నిలబడి పెట్టె వంకే చూస్తుంటారు. మనిషి తినేసి వెళ్లిపోయాక "అరవై రూపాయలు" అని చెప్పిన సందర్భాలున్నాయి. 2025 మార్చి 26 సాయంత్రం దేశమంతా యూపీఐ మొరాయించినప్పుడు పెట్టె మూగబోయింది. తెలిసిన మొహాలకు రేపిమ్మని చెప్పాము, తెలియనివాళ్లు జేబుల్లో చిల్లర వెతుక్కున్నారు. అప్పటి నుంచి గల్లాలో పది, ఇరవై నోట్లు ఎప్పుడూ ఉంచుతున్నాము. ఎవరైనా సరే ఉంచుకోవాలి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టే లోపం వేరే ఉంది. ఎంత వచ్చిందో చెబుతుంది, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పదు. మా దగ్గర సగం మంది ఒకే మొత్తం కడతారు. ముగ్గురు వరసగా నిలబడి తలా నలభై కొడితే, పెట్టె రెండుసార్లే "నలభై" అంటే, మూడోవాడు ఎవరు? ముగ్గురూ "నాదే వచ్చింది" అంటారు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు కూడా. అత్తమ్మ దీనికి తనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు స్కాన్ చేసి పెట్టె పలికాకే రెండోవాళ్లను స్కాన్ చేయనిస్తారు, క్యూఆర్ స్టాండును చేత్తో కప్పి పట్టుకుని మరీ. లైన్ నెమ్మదిస్తుంది గానీ గొడవ ఉండదు. పేరులో మొదటి అక్షరాలు చెప్పినా మాలాంటి వాళ్లకు ఎంతో మేలు. పూర్తి పేరు మాత్రం వద్దు, ఆడపిల్లల పేర్లు లైన్‌లో అందరికీ వినబడటం నాకు ఇష్టం లేదు.

ఆవిరి, నూనె ఎక్కువున్న చోట పెట్టుకుంటే స్పీకర్ జాలీ జిడ్డు పట్టి గొంతు మూసుకుపోతుంది. మేము వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో తుడుస్తాము. చార్జింగ్ పిన్ పెట్టే చోటు వదులైతే మాత్రం ఇంట్లో చేసేదేమీ లేదు, కంపెనీ మనిషి మార్చి ఇవ్వాల్సిందే. బ్యాటరీ బాగా వస్తుంది, కరెంటు పోయినా మాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు.

ఇప్పుడు వ్యాపారం సంగతికి వస్తాను. పెట్టె పట్టుకుని షాపుకొచ్చే కుర్రాళ్లు "ఫ్రీ అక్కా" అంటారు. మొదటి కొన్ని నెలలకు అది నిజం కావచ్చు. తర్వాత నెలకు వంద రూపాయల పైచిలుకు అద్దె, పైన జీఎస్టీ. ఆ కుర్రాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకు రోజుకిన్ని పెట్టెలు పెట్టాలని టార్గెట్. కంపెనీల లెక్క వేరు. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపుల మీద షాపువాళ్ల దగ్గర ఒక్క పైసా కమీషన్ తీసుకోకూడదని ప్రభుత్వ నిబంధన. మనం ఎంత అమ్మినా ఆ చెల్లింపు మీద వాళ్లకు మన నుంచి వచ్చేది లేదు. అందుకే సంపాదనకు పెట్టె అద్దె ఒక దారి, అప్పులు ఇంకో దారి. ఇది తెలిశాక నాకు అద్దె మీద కోపం పోయింది. వస్తువు పని చేస్తోంది, సిమ్ ఖర్చు వాళ్లదే, వంద రూపాయలు న్యాయమే. దొంగ స్క్రీన్లు ఒకటి రెండు ఆగినా ఆ డబ్బు వచ్చేస్తుంది.

కోపమల్లా ఆ అద్దె కోసుకునే తీరు మీద. పెట్టె ఇచ్చేటప్పుడు కుర్రాడు మన ఫోన్ తీసుకుని ఏదో నొక్కి "పిన్ కొట్టక్కా" అంటాడు. ఆ పిన్‌తో మనం ఆటోపేకి ఒప్పుకున్నట్టు. ఇక నెల నెలా మనల్ని అడక్కుండానే ఖాతాలోంచి పోతుంది. కొన్ని కంపెనీలు రోజువారీ జమలోంచే కోసుకుంటాయి. ఆటోపేలో కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. పంపుతారు, కాదనను. అది ఇంగ్లిషులో, రోజూ వచ్చే వందల మెసేజ్‌ల మధ్య వస్తుంది. డబ్బు వచ్చినప్పుడు వీధి చివరిదాకా తెలుగులో చెప్పగలిగిన పెట్టె, "రేపు మీ అద్దె కోస్తాము" అని అదే తెలుగులో ఎందుకు చెప్పదు? మాట్లాడే సాధనం అక్కడే ఉంది, మా భాషా దానికి వచ్చు. చదవలేని మనిషి కోసమే ఈ వస్తువు తయారైనప్పుడు, ఆ మనిషికి తెలియాల్సిన ఖర్చును మాత్రం చదవాల్సిన చోట దాచడం నాకు మింగుడుపడదు. ఈ ఒక్క మార్పు చేసే కంపెనీకి నేను పనిగట్టుకుని పది షాపుల్లో ప్రచారం చేస్తాను.

అప్పు గురించి కూడా చెప్పాలి. రోజూ మనకు ఎంత వస్తోందో వాళ్లకు తెలుసు కాబట్టి కొన్నాళ్లకు యాప్‌లో "మీకు ఇంత లోన్ సిద్ధంగా ఉంది" అని కనిపిస్తుంది. కాగితాలు అక్కర్లేదు, తిరగక్కర్లేదు. మన మార్కెట్లలో డైలీ ఫైనాన్స్ ఎప్పటి నుంచో ఉంది, సాయంత్రం మనిషి వచ్చి కార్డు మీద రాసుకుని డబ్బు తీసుకుపోతాడు. ఆ మనిషితో "ఇవాళ వాన, బేరం లేదు, రేపిస్తా" అనొచ్చు. ఇక్కడ చాలావరకు జమలోంచే రోజూ కోత పడుతుంది, చేతికి రాకముందే. తెలిసిన వ్యాపారి ఒకాయన సరుకు కోసం అలా తీసుకున్నారు. సేల్ బాగున్న రోజుల్లో తెలియలేదట, ఆషాఢంలో తెలిసిందన్నారు. అవసరం ఉంటే తీసుకోండి గానీ, మొత్తం ఎంత కట్టాలో, రోజుకు ఎంతో రాయించుకుని, బ్యాంకు ముద్రా లోన్ వడ్డీతో పక్కపక్కన పెట్టి చూడండి.

మార్కెటింగ్‌లో కొత్త వింత, హీరోల గొంతులు. 2023లో ఫోన్‌పే తన స్పీకర్లలో అమితాబ్ బచ్చన్ గొంతు పెట్టింది, తర్వాత తెలుగుకు మహేష్‌బాబు గొంతు వచ్చింది. మా వీధిలో టీ కొట్టు అబ్బాయి పెట్టించాడు. కుర్రాళ్లు ఆ గొంతు కోసం ఐదు రూపాయల బిస్కెట్ కూడా స్కాన్ చేసి కొనేవాళ్లు. ఆలోచన నిజంగా తెలివైనది. కౌంటర్ మీద పడి ఉండే ప్లాస్టిక్ పెట్టెను జనం తమంతట తామే వినాలనుకునేలా చేశారు, అదీ పోస్టర్ లేకుండా. మా షాపులో మాత్రం మామూలు ఆడగొంతే ఉంచాము. రద్దీలో "నలభై"కీ "నూట నలభై"కీ తేడా తేటగా తెలియడమే మాకు కావాలి. అత్తమ్మ చెవికి అలవాటైన గొంతును మార్చే ధైర్యం మాకెవరికీ లేదు.

2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపారన్న వార్త వచ్చాక, ఇక్కడ కూడా కొందరు పెట్టెను తీసి లోపల దాచేశారు. భయపడి దాచడం కంటే లెక్క రాసుకోవడం మేలు. మాలాంటి టిఫిన్ సెంటర్లకు ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఆ పరిమితి 40 లక్షలు. ఈ లెక్కకు నగదూ కలుస్తుంది, ఫోన్‌లో వచ్చిందీ కలుస్తుంది.

కొత్తగా తీసుకునేవాళ్లు ఒక్క పెట్టెతో సరిపెట్టుకోండి. ఏ కంపెనీ క్యూఆర్ అయినా అన్ని యూపీఐ యాప్‌లతోనూ పని చేస్తుంది, మూడు పెట్టెలు పెట్టి మూడు అద్దెలు కట్టక్కర్లేదు. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఎంత మొత్తం, ఎన్నాళ్ల వరకు అని ఉందో చదివించుకోండి. మొహమాటపడి మేమూ కొన్నాళ్లు రెండో పెట్టె ఉంచుకుని తర్వాత తిరిగి ఇచ్చేశాము. పెట్టె వెళ్లిపోయినా అద్దె కొన్నాళ్లు పోతూనే ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చేసి విసిగిపోయాక, మా ఆడపడుచు కొడుకు యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటుకెళ్లి దాన్ని రద్దు చేసి పెట్టాడు, అంతటితో ఆగింది. తిరిగి ఇచ్చే పని పడితే ముందు ఆ ఆటోపే రద్దు చేసుకోండి. పెట్టె అందినట్టు మీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేదాకా ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి టీ పోయండి.