14 ఏళ్ల జింబోచో: పూర్తి సెట్ల జోలికి పోకండి

టోక్యోకి ఉద్యోగం మీద వచ్చి 14 ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ నెలలో కనీసం రెండు శనివారాలు జింబోచోకే పోయాయి. నిషి-కసాయిలో తోజాయ్ లైను ఎక్కి కుదన్‌షితలో దిగి, ఓ పది నిమిషాలు నడిస్తే పాత పుస్తకాల కొట్లు మొదలవుతాయి. చైనా, జపాన్, కొరియా చరిత్రల మీద పుస్తకాలు పోగేసే పిచ్చి ఉన్నవాళ్లకి ఈ వీధి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చెయ్యి కాలుతుందో రాద్దామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. ముందే చెప్పేస్తా. వీధికి పదికి తొమ్మిది మార్కులు. నేను కొన్న పద్ధతికి మాత్రం, మొదటి ఆరేళ్ల వరకు, పదికి మూడు.

పిచ్చి పుట్టింది ఇక్కడ కాదు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో. ఓ ఆదివారం ఫుట్‌పాత్ మీద, హుయాన్‌త్సాంగ్ యాత్రా గ్రంథానికి శామ్యూల్ బీల్ చేసిన ఇంగ్లిష్ అనువాదం కనబడింది. 1884లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చిన పుస్తకం అది. నాకు దొరికింది పునర్ముద్రణ, అదీ రెండో సంపుటం ఒక్కటే. బేరమాడి 60 రూపాయలకి తెచ్చుకున్నా. మాది గుంటూరు వైపు. పదో భాగంలో ఆంధ్ర, ధాన్యకటకం ఉన్నాయని విని తిరగేస్తే, చైనా వాళ్ల నోట ఆంధ్ర పేరుని బీల్ ‘అన్-త-లో’ అని రాశాడు. మా నాన్న కళ్లజోడు సర్దుకుని చదివి, "అంతలో? అంతలో ఏమైందిట్రా?" అన్నారు. మొదటి సంపుటం లేదన్న బాధ ఆ రోజు నాకు ఏ మాత్రం లేదు. ఆ సంగతి గుర్తుంచుకుని ఉంటే ఇక్కడ చాలా డబ్బు మిగిలేది.

కొట్ల సంగతి. యాసుకుని రోడ్డుకి దక్షిణం పక్కనే ఎక్కువ కొట్లుంటాయి, గుమ్మాలు ఉత్తరం వైపు. ఎండ పడితే పుస్తకం వెలిసిపోతుందని ఆ ఏర్పాటు. ఇంగ్లిష్, ఇతర యూరప్ భాషల పుస్తకాలకి 1902 నాటి కితజావా, 1903 నాటి ఇస్సెయిదో ఉన్నాయి. చైనా పుస్తకాలకైతే వెనక సుజురాన్ వీధిలో ఉచియామా. చైనా రచయిత లూ షున్ కథలు తెలుగులో చదివినవాళ్లకి ఈ చివరి పేరు నచ్చుతుంది. ఉచియామా కాంజో 1917లో షాంఘైలో మొదలుపెట్టిన కొట్టు అది, లూ షున్ ఆయన స్నేహితుడు. చాలా కొట్లకి ఆదివారం సెలవు. మనలాంటి ఆఫీసు జీవులకి ఇదొక్కటే పెద్ద ఇబ్బంది. కొట్లవాళ్లంతా కలిసి బయట బల్లలు వేసి అమ్మే పండగ అక్టోబరు చివర్లో మొదలవుతుంది, 1960 నుంచీ నడుస్తోంది. ఆ రోజుల్లో జనం భుజాలు రాసుకుంటూ తిరుగుతారు, అరుదైనవి చూడాలంటే మామూలు శనివారమే నయం.

ఆబిడ్స్ అలవాటుతో మొదట్లో ఒక ముసలాయన్ని "కొంచెం తగ్గిస్తారా" అని అడిగా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, పుస్తకం వెనక అట్ట లోపల అతికించిన ధర చీటీని వేలితో చూపించి ఊరుకున్నాడు. తర్వాత తెలిసింది, ఇక్కడా ఒకప్పుడు బేరాలే. 1913లో ఇవనామి షిగేఓ ఇదే వీధిలో పాత పుస్తకాల కొట్టు పెట్టి, రాసిన ధరకే అమ్ముతానని పట్టుబట్టాడు. ఆ కొట్టే తర్వాత ఇవనామి పేరుతో జపాన్‌లో పెద్ద ప్రచురణ సంస్థ అయింది.

ధర తగ్గదు గానీ, దానికి బదులు దక్కేది నిజాయితీ. పుస్తకానికి ఏ లోపం ఉన్నా చీటీ మీద రాసి ఉంటుంది. ‘యాకే’ అంటే ఎండకి రంగు మారింది. ‘షిమి’ అంటే గోధుమ రంగు మచ్చలు. ‘కకికొమి’ అంటే లోపల ఎవరో రాతలు రాశారు. 14 ఏళ్లలో ఈ వీధిలో చీటీ ఒకటి, లోపల ఇంకొకటి అన్న సందర్భం నాకు ఒక్కటి కూడా ఎదురుకాలేదు.

పుస్తకం చేతికొస్తే నేను చూసే వరస చెప్తా. ముందు అట్టపెట్టె, దాన్ని ‘హాకో’ అంటారు. పెట్టెని కిందికి వంచి వేలితో మెల్లగా తడితే పుస్తకం జారి రావాలి. లాగాల్సి వస్తే చెమ్మకి ఉబ్బిందన్నమాట. పైన పల్చటి మైనం కాగితం చిరక్కుండా ఉంటే సంతోషం, చిరిగినా ఫర్వాలేదు. తర్వాత తిన్నగా చివరి పేజీకి పోతా. ముద్రణ వివరాలన్నీ జపాన్ పుస్తకంలో అక్కడే ఉంటాయి. 1950ల దాకా వచ్చిన వాటిలో ఆ పేజీ మీద తపాలా బిళ్లంత కాగితం అతికించి, దాని మీద రచయిత ఎర్ర ముద్ర ఉంటుంది. ఎన్ని కాపీలు అచ్చయ్యాయో రచయితకి లెక్క తెలియడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఒక్కో ముద్రా చేత్తో వేసిందే కాబట్టి కొన్ని వంకరగా ఉంటాయి. రచయిత ఇంట్లో కూర్చుని వందల కాగితాలకి ముద్రలు కొడుతూ విసిగిపోయిన రోజు కళ్లకి కడుతుంది. 1946-49 మధ్య అచ్చయినవి మాత్రం ఎంత మంచి పుస్తకమైనా ఆలోచించి కొనండి. యుద్ధం అయిపోయాక దొరికిన నాసి కాగితం, పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది.

ఇక నా తెలివితక్కువ పని. వచ్చిన రెండో ఏడాది ఇవనామి వాళ్ల ప్రపంచ చరిత్ర పరంపర మీద మనసు పడింది. 1969లో మొదలై అయిదేళ్లపాటు వచ్చిన 31 సంపుటాలు, చైనా, తూర్పు ఆసియా మీద వాటిల్లో బోలెడంత ఉంది. తాడుతో కట్టలు కట్టి కొట్టు బయట నేల మీద పెట్టారు. ధర చూస్తే ఒక్కో సంపుటం టీ ఖరీదు కంటే తక్కువ పడింది. అంత చవగ్గా ఎందుకిస్తున్నారన్న ప్రశ్న నాకు తట్టలేదు. వీటిని చదువుకున్న తరానికి వయసైపోయింది, ఒక్కో ప్రొఫెసర్ ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా ఇలాంటి సెట్టు ఒకటి బజార్లోకి వస్తుంది, లైబ్రరీలు ఉచితంగా ఇచ్చినా వద్దంటున్నాయి. ఇక్కడ పుస్తకం కంటే అది కూర్చునే చోటు ఖరీదు. మా రెండు గదుల ఇంట్లో ఆ అట్టపెట్టెలు మంచం కింద, ఫ్రిజ్ పక్కన, చివరికి బాల్కనీ తలుపుకి అడ్డంగా చేరాయి. మా ఆవిడ, "వీళ్ల దగ్గర అద్దె ఏమన్నా వసూలు చేస్తున్నారా అండీ?" అని అడిగింది. నాలుగేళ్లలో తెరిచినవి అయిదు. అమ్మబోతే కొట్టాయన, పేరు చెప్పను, "మా దగ్గర ఇప్పటికే మూడున్నాయి, మోసుకెళ్లినందుకు మీరే ఏమన్నా ఇవ్వాలి" అన్నాడు. ఇచ్చాను కూడా. తర్వాతి ఏడాది వాటిలోనే రెండు సంపుటాలు కావాల్సొచ్చి, బయటి బండి మీద ఒక్కోటీ 300 యెన్లకి మళ్లీ కొన్నా. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

సెట్టులోంచి విడిపోయిన ఇలాంటి సంపుటాన్ని ‘హహోన్’ అంటారు. సేకరించేవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, అందుకే చవక. నా ఉద్దేశంలో ఈ వీధిలో కొనాల్సిన సరుకే అది. సెట్టుని గదిలో అలంకారానికి పెట్టుకున్నవాళ్లు ఉంటారు గానీ, విడిగా తిరిగే సంపుటం మాత్రం సాధారణంగా ఎవరో నిజంగా పని చేసుకున్నది. మళ్లీ కొన్న ఆ రెంటిలో ఒకదాంట్లో ‘గెప్పో’ దొరికింది. సంపుటంతోపాటు ప్రచురణకర్తలు లోపల పెట్టి పంపే నాలుగైదు పేజీల కరపత్రం అది. అందులో పండితులు టై విప్పి కూర్చుని మాట్లాడుకున్నట్టు రాసుకుంటారు. దాని అంచు మీద, గట్టి పెన్సిలుతో, పాత యజమాని పేజీ నంబర్లు వరసగా వేసి ఒకదానికి గట్టిగా కొక్కెం గుర్తు పెట్టాడు. ఆ పేజీకి వెళ్తే సరిగ్గా నాకు కావాల్సిన పట్టిక. నా దగ్గరున్న మెరిసే సెట్టులో అదే సంపుటం పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి.

ఆన్‌లైన్ మాట. జపాన్ పాత పుస్తకాల కొట్లవాళ్ల సంఘం నడిపే సైటు ఉంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. దెబ్బ తిన్నది వేరే దేశపు అమ్మకందారు దగ్గర. 1930లలో పెకింగ్‌లో అచ్చయిన మొదటి ముద్రణ అన్నాడు, ఫొటోలో అట్ట బాగానే ఉంది, ధర గట్టిగానే కట్టా. వచ్చింది పల్చటి కాగితం, మసక అక్షరాలు. చివరి పేజీలో చైనా లిపిలో ఒక తేదీ, ‘మిన్‌గువో 60’. అది చైనా రిపబ్లిక్ లెక్క, తైవాన్‌లో ఇప్పటికీ వాడతారు, 1911 కలుపుకోవాలి. అంటే 1971. ఆ రోజుల్లో తైపేలో విదేశీ పండిత గ్రంథాల్ని అనుమతి లేకుండా మళ్లీ అచ్చేసి అగ్గువకి అమ్మేవారు, అలాంటి కాపీ నాకు తగిలింది. చదువుకోడానికి దాంట్లో తప్పేం లేదు, కానీ నేను కట్టింది మొదటి ముద్రణ ధర. వారం రోజుల టెన్షన్ తర్వాత డబ్బు తిరిగొచ్చింది, పోస్టేజీ నా నెత్తిన పడింది. అప్పట్నుంచి చివరి పేజీ ఫొటో పంపందే కొనను. జపాన్ చక్రవర్తుల పాలనాకాలాల పేర్లతో వేసే ఏళ్ల లెక్కలు కూడా నోటికి వచ్చేశాయి: షోవా అయితే 1925 కలపాలి, మెయిజీ అయితే 1867. తైషోకి మాత్రం మిన్‌గువోలాగే 1911, రెండూ 1912తోనే మొదలు. ఉత్తర కొరియా జూచే లెక్కా అదే ఏడాదితో మొదలవడం చూసి నవ్వొచ్చింది.

పేర్ల గోల ఇంకోటి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో చైనా పేర్లు వేడ్-జైల్స్ అనే స్పెల్లింగు పద్ధతిలో, కొత్తవాటిలో పిన్‌యిన్ అనే పద్ధతిలో. ఒకే రాజవంశం రెండు రకాల స్పెల్లింగులతో రెండు చోట్ల చేరి, అరల్లో నా అకారాది క్రమం కంగాళీ అయింది. ఇంగ్లిష్‌వాళ్లు వేడ్-జైల్స్‌లో అక్షరం పక్కన వచ్చే కామా లాంటి గుర్తుని విసుక్కుని వదిలేస్తారు. మనకి ఆ అవస్థ లేదు. గుర్తు లేకపోతే చ, ఉంటే ఛ. గుర్తు లేకపోతే త, ఉంటే థ. వత్తు పలికే భాషలో పుట్టినందుకు చరిత్ర పుస్తకాల దగ్గర ఇలా ఉపయోగపడుతుందని అనుకోలేదు. ఇప్పుడు నా పుస్తకాల జాబితా అంతా తెలుగు లిపిలోనే రాసుకుంటున్నా. ‘ఛింగ్’ అని ఒక్కసారి రాస్తే చాలు, రెండు స్పెల్లింగులూ దాని కిందికే వస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క చోట మోసపోకండి. ‘తోయో బుంకో’ పేరుతో రెండున్నాయి. ఒకటి హెయిబోన్‌షా 1963 నుంచి వేస్తున్న ఆకుపచ్చ గుడ్డ అట్టల పరంపర, చేతిలో ఇమిడేంత పుస్తకాలు, విడిగా కొనుక్కోడానికి ఇంతకంటే మంచివి లేవు. రెండోది కొమాగొమెలో ఉన్న లైబ్రరీ. దాని కథ వేరు. టైమ్స్ పత్రిక విలేఖరిగా పెకింగ్‌లో ఉన్న మారిసన్ పోగుచేసిన దాదాపు 24,000 సంపుటాల్ని 1917లో ఇవసాకి హిసాయా 35,000 పౌన్లకి కొన్నాడు, లైబ్రరీకి పునాది అవే. ఇదే ఇవసాకి అంతకుముందు మాక్స్ ముల్లర్ పుస్తకాలు కొని టోక్యో విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. 1923 భూకంపంలో అవి కాలిపోయాయి. రుగ్వేదాన్ని అచ్చుకెక్కించిన మనిషి లైబ్రరీ టోక్యోలో బూడిదైందని మన దగ్గర ఎంతమందికి తెలుసు?

2022 మే నుంచి ఇక్కడి జాతీయ గ్రంథాలయం, మార్కెట్లో దొరకని పాత పుస్తకాల స్కాన్లని రిజిస్టర్ చేసుకున్నవాళ్లకి ఇంట్లోంచే చూపిస్తోంది. దాంతో నా కొనుగోళ్లు సగానికి పడ్డాయి. పటాలు మడతపెట్టి ఉన్నవి, పక్కన రాతలున్నవి, చేత్తో పట్టుకుని వెనక్కీ ముందుకీ తిప్పాల్సినవి మాత్రమే ఇప్పుడు కొంటున్నా. జూన్, జులై వానల్లో చెమ్మ తీసే మెషిన్ రోజంతా నడుస్తుంది. అయినా ఏడాదికోసారి వెండి రంగు పురుగులు ఒకటో రెండో కనబడుతూనే ఉంటాయి.

నిరుడు చలికాలం ఒక కొట్లో, గాజు బీరువాలో, బీల్ 1884 ముద్రణ కనిపించింది. రెండు సంపుటాలూ. ధర నా నెల అద్దెకి కొంచెం అటూ ఇటూగా ఉంది. రెండోది చూడొచ్చా అని అడిగితే కొట్టామె తాళం తీసి, బల్ల మీద గుడ్డ పరిచి పెట్టింది. చేతులు తుడుచుకుని పదో భాగానికి వెళ్లా. అన్-త-లో అక్కడే ఉంది. కాసేపు చదువుకుని, దండం పెట్టి తిరిగిచ్చేశా. బయట బండి మీద కొరియా గ్రామాల మీద ఒక విడి సంపుటం దొరికింది, పెట్టె లేదు, 300 యెన్లు. సంచిలో వేసుకుని, మూల మీది హోటల్లో ఆ తియ్యటి కర్రీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి కలుపుకుని తిని, రైలెక్కా.