నిరూపక తలం నేర్పడానికి జియోజీబ్రా: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అడ్డొస్తుంది

బిందువులను గుర్తించడం కొత్తగా నేర్చుకునే పిల్లలకు జియోజీబ్రా గ్రాఫింగ్ యాప్ ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు, కానీ ఇన్‌పుట్ పెట్టె మూసేసి ఇవ్వాలి. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ చదువు అవసరాలకు ఉచితం. జ్యామితికి దీన్ని మించిన సాధనం దొరకడం కష్టం. చిక్కంతా దాని చురుకుతనంతోనే. (3, -2) అని టైప్ చేయగానే బిందువు పడిపోతుంది. మూలబిందువు దగ్గర మొదలుపెట్టి, కుడికి 3 గడులు జరిగి, అక్కడి నుంచి కిందికి 2 గడులు దిగడమే అసలు నేర్చుకోవాల్సిన పని. దాన్ని విద్యార్థి బదులు యాప్ చేసేస్తోంది.

అందుకే తిరగేసి వాడాలి. ఎడమవైపు ఆల్జీబ్రా పలకను దాచండి, బిందువు లేబుల్‌లో విలువ కనిపించకుండా చూడండి. నిరూపకాలు మీరు నోటితో చెప్పండి, పాయింట్ టూల్‌తో బిందువును విద్యార్థి పెట్టాలి. ఆ తర్వాతే పలక తెరిచి సరిచూసుకోవాలి. ఈ ఒక్క మార్పుతో యాప్ జవాబు చెప్పేది కాకుండా జవాబు దిద్దేది అవుతుంది.

ముందుగా సెట్టింగులు సరిచేయకపోతే మాత్రం తప్పులు తప్పవు. పళ్లచక్రం గుర్తు నొక్కి గ్రిడ్‌లో ప్రధాన గీతలు మాత్రమే ఉంచండి. సన్నగీతలు కూడా ఉంటే పిల్లలు వాటినే 1, 2, 3 అని లెక్కపెట్టేస్తారు. రెండు అక్షాలకూ డిస్టెన్స్ 1 అని ఇవ్వండి. లేకపోతే జూమ్ చేసినప్పుడల్లా అక్షం మీద అంకెలు 2, 5, 10 చొప్పున మారిపోతాయి, గడి అంటే ఒకటి అనుకున్నవాళ్లు దారి తప్పుతారు. బిందువు గీతల కూడలి మీదే ఆగాలంటే పాయింట్ క్యాప్చరింగ్‌లో 'ఫిక్స్‌డ్ టు గ్రిడ్' ఎంచుకోవాలి. దశాంశ నిరూపకాలకు వచ్చాక దాన్ని తీసేయండి. రౌండింగ్‌ను సున్నా దశాంశ స్థానాలకు ఎప్పుడూ పెట్టొద్దు: 2.7 దగ్గరున్న బిందువుకు కూడా 3 అని చూపిస్తుంది.

టైప్ చేయడం మొదలయ్యాక వచ్చే తప్పులు వేరు. కామా మరిచి (3 -2) అని కొడితే యాప్ దాన్ని తీసివేతగా తీసుకుంటుంది, బిందువు రాదు, 1 అనే సంఖ్య వస్తుంది. కామా బదులు సెమీకోలన్ పడితే ఇంకా వింత. (3; 2) అంటే దానికి మూలబిందువు నుంచి 3 దూరం, 2 రేడియన్ల కోణం అని అర్థం. మొదటి పాదంలో (అక్షాలు విడదీసే నాలుగు భాగాల్లో కుడివైపు పైదానిలో) ఉండాల్సిన బిందువు సుమారు (-1.25, 2.73) దగ్గర, రెండో పాదంలో తేలుతుంది. పేరుకు పెద్దబడి అక్షరమే వాడాలి. చిన్నబడి 'పి' పెట్టి (3, 2) ఇస్తే బిందువు స్థానంలో మూలబిందువు నుంచి బయల్దేరే బాణం, అంటే సదిశ వస్తుంది.

కాగితం మీద చేయలేనిది ఇక్కడ ఒకటుంది, యాప్ పెట్టుకోవడానికి అదొక్కటే చాలు. 'ఎ' అనే బిందువు పెట్టి, రెండోదాన్ని బి = (వై(ఎ), ఎక్స్(ఎ)) అని, అంటే 'ఎ' నిరూపకాలను తారుమారు చేసి నిర్వచించండి. ఇప్పుడు 'ఎ'ని లాగితే 'బి' దానంతటదే కదులుతుంది. (2, 3), (3, 2) ఒకటే అనుకునే విద్యార్థికి రెండూ ఎంత దూరంగా ఉన్నాయో కళ్ల ముందే తెలుస్తుంది. 'ఎ' రెండు నిరూపకాలూ సమానమైనప్పుడు మాత్రమే అవి కలుస్తాయి. ఎక్కడెక్కడ కలుస్తున్నాయో వెతకమంటే (1, 1), (-4, -4) లాంటివి దొరుకుతాయి, అవన్నీ ఒకే సరళరేఖ మీద ఉన్నాయని పిల్లలే కనిపెడతారు. క్రమయుగ్మంలో 'క్రమం' ఎందుకో ఇంతకన్నా బాగా చెప్పే పద్ధతి లేదు. రెండోదాన్ని (-ఎక్స్(ఎ), వై(ఎ)) అని మారిస్తే వై అక్షంలో ప్రతిబింబం వస్తుంది. 'ఎ'ని వై అక్షం మీదికి తెస్తే రెండూ ఒకటైపోతాయి. (0, -4) లాంటి బిందువు ఏ పాదానికీ చెందదని చెప్పడానికి అదే అదను.

అక్షాన్ని పట్టుకుని లాగితే దాని స్కేలు ఒక్కటే సాగుతుంది. చతురస్రం దీర్ఘచతురస్రంలా, వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తాయి. లెక్కల్లో తేడా రాదు, కంటికే మోసం. ఎక్స్, వై అక్షాల నిష్పత్తిని 1:1 చేస్తే సర్దుకుంటుంది.

యాప్ నేర్పలేనిది స్కేలు ఎంచుకోవడం. (40, 250) ఇస్తే యాప్‌లో జూమ్ చేస్తే సరిపోతుంది. గ్రాఫ్ కాగితం మీద ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 10, వై అక్షంపై 1 సెం.మీ. = 50 అని ముందే నిర్ణయించుకుంటే మూలబిందువు నుంచి 4 సెం.మీ. కుడికి, 5 సెం.మీ. పైకి వెళ్లాలి. పరీక్షలో అడిగేది ఇదే కాబట్టి గ్రాఫ్ పుస్తకం పక్కనే ఉండాలి.

ఫోన్‌లో వేలి కింద బిందువు కనబడదు, ఒక గడి అటూ ఇటూ అవుతుంది. మొదటి పాఠాలకు మౌసు ఉన్న కంప్యూటరే మేలు.