కొత్త డైవర్‌కు మొదటి కెమెరా: యాక్షన్ కెమెరానా, కాంపాక్టా?

స్కూబా కోర్సు ముగించి పది పదిహేను డైవ్‌లు చేసినవారికి కెమెరా మీదికి మనసు పోతుంది. విడి లెన్సుల మిర్రర్‌లెస్ కెమెరాను మాత్రం ఇప్పటికి పక్కన పెట్టండి. హౌసింగ్ (నీరు చొరబడని పెట్టె), రెండు స్ట్రోబ్‌లు (విడి ఫ్లాష్‌లు) మోస్తుంటే గాలి ఎంత మిగిలిందో, బడ్డీ (జతగా దిగిన డైవర్) ఎక్కడున్నాడో చూసుకునే తీరిక ఉండదు.

మిగిలినవి రెండు. యాక్షన్ కెమెరా గుప్పిట్లో ఇమిడిపోతుంది. మీట నొక్కడం తప్ప పని లేదు. తాబేలు, చేపల గుంపు, తోటి డైవర్లు, ముఖ్యంగా వీడియో అయితే అదే మేలు. కానీ దాని వెడల్పాటి లెన్సు దగ్గరి వస్తువును పట్టలేదు. వేలెడంత ఉండే పెంకులేని సముద్రపు నత్త దగ్గరికి వెళితే మసక, దూరం జరిగితే చుక్క.

అక్కడ కాంపాక్ట్ (లెన్సు విడదీయలేని చిన్న కెమెరా) గెలుస్తుంది. ఒలింపస్ టీజీ-6 లెన్సుకు 1 సెంటీమీటరు దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా తీస్తుంది. హౌసింగ్ లేకుండా అది 15 మీటర్ల లోతు వరకే తట్టుకుంటుంది. డైవింగ్‌కు హౌసింగ్ తప్పదు. రా ఫైళ్లు (కెమెరా సవరించని ముడి చిత్రాలు) ఇస్తుంది కాబట్టి రంగులను తర్వాత సరిదిద్దుకోవచ్చు. రంగులే అసలు చిక్కు: నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది, కొద్ది మీటర్లు దిగేసరికే అంతా నీలిపచ్చ. యాక్షన్ కెమెరాకు ఎర్ర ఫిల్టరు పెడితే ఎండ బాగా దిగే నీటిలో కొంత నయం. దాంతోపాటు లైటు వేస్తే మాత్రం బొమ్మ ఎర్రబారుతుంది. కాంపాక్ట్‌కు పక్కకు చాచే కడ్డీ మీద ఒక స్ట్రోబ్ బిగిస్తే దగ్గరి వస్తువుకు అసలు రంగు తిరిగొస్తుంది. దాన్ని పక్కకు జరిపి ఉంచాలి. లోపలి ఫ్లాష్ మాత్రం లెన్సు పక్కనే ఉండి నీటిలోని నలుసులన్నిటినీ వెలిగించి, మంచు కురిసినట్టు చేస్తుంది.

అయినా ఎంపికను తేల్చేది కెమెరా కాదు, మీ నిలకడ. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో (పైకి తేలే ముందు ఆగే విరామంలో) చేతులు కదపకుండా, పైకీ కిందికీ పోకుండా నిలవగలరా? నిలవగలిగితే కాంపాక్ట్ కొనండి. లేకపోతే యాక్షన్ కెమెరా చాలు. చిన్న ప్రాణి కోసం పగడపు దిబ్బను ఆనుకుని తడబడే డైవర్ ఫిన్ (కాలి రెక్క) తగిలి పగడం విరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఏ ఫొటో కూడా దానికి బదులు కాదు.

కాంపాక్ట్ కొన్నవారు హౌసింగ్‌లోకి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం (ఓ-రింగ్) మీద వెంట్రుక, ఇసుక రేణువు లేవని ప్రతిసారీ చూడాలి. మొదటి డైవ్‌కు హౌసింగ్‌ను కెమెరా లేకుండా, లోపల కాగితపు రుమాలుతో తీసుకెళ్లండి. ఖాళీగా ఉంటే పైకి లాగుతుంది, చిన్న బరువు కూడా వేయండి. రుమాలు పొడిగా తిరిగొస్తేనే కెమెరా లోపలికి.