నయాగరాని నడిచి చూడాలంటే: అమ్మానాన్నలతో రెండు రోజులు

నయాగరాకి వెళ్లడం నాకిది మూడోసారి. మొదటి రెండుసార్లూ కారు పార్కింగ్‌లో పెట్టడం, బోటెక్కడం, ఫొటోలు దిగడం, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. ఈసారి అమ్మానాన్నలు వచ్చారు. నాన్న విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 70 దాటింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ అమెరికా వీసా ఒక్కటే ఉంది. కెనడా వైపు వెళ్లాలంటే ఇంకో వీసా కావాలి కాబట్టి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం వైపే తీరిగ్గా చూద్దామని, జూన్ చివర్లో రెండు రాత్రులు ఉండేలా బయల్దేరాం.

అమెరికా వైపు చూడ్డానికి ఏమీ ఉండదని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. నయాగరా అంటే మూడు జలపాతాలు: హార్స్‌షూ, అమెరికన్ ఫాల్స్, బ్రైడల్ వీల్. వీటిలో పెద్దదైన హార్స్‌షూ జలపాతం గుర్రపు నాడాలా ఒంపు తిరిగి మొత్తం ఎదురుగా కనిపించాలంటే కెనడా గట్టు మీద నిలబడాల్సిందే. కానీ నీళ్లు దూకే చోటికి పక్కగా వెళ్లి నిలబడాలన్నా, దూకకముందు ఆ నది ఎలా పరుగెడుతుందో చూడాలన్నా ఈ వైపే. పైగా దీవులన్నీ ఇటే ఉన్నాయి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వంతెనల మీద నడుచుకుంటూ పోవచ్చు.

మొదటిరోజు గైడ్‌తో నడిచే టూర్ తీసుకున్నాం. నాలుగు గంటల నడక, బోటు టికెట్టు, జలపాతం కాళ్ల దగ్గరికి దిగే కేవ్ ఆఫ్ ద విండ్స్ టికెట్టు అన్నీ కలిపి మనిషికి వంద డాలర్లు దాటింది. ‘ఏ వయసు వారికైనా సులువైన నడక’ అని రాసి ఉంటే నమ్మి బుక్ చేశాను.

టూర్ ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర మొదలైంది. అమెరికన్ ఫాల్స్ అంచు అక్కడే, రెయిలింగ్ పక్కనే. మా గైడ్ పాతికేళ్ల అమ్మాయి. చెప్పే తీరు ఎంత బాగుందంటే, అమ్మకి ఇంగ్లిష్ సగమే అర్థమైనా ఆ పిల్ల చెయ్యి చూపించిన వైపల్లా చూస్తూ నిలబడింది. జలపాతం కింద పోగుపడిన బండరాళ్లని చూపించి 1969 కథ చెప్పింది. ఆ ఏడాది సైన్యానికి చెందిన ఇంజినీర్లు నదికి తాత్కాలికంగా అడ్డుకట్ట వేసి, అమెరికన్ ఫాల్స్‌ని కొన్ని నెలలపాటు పూర్తిగా ఎండగట్టారట. ఆ రాళ్లు తీసేయాలా వద్దా అని పరీక్షించి, చివరికి ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. ఇది తెలిశాక ఆ రాళ్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. రెండుసార్లు వచ్చి కూడా వాటిని పట్టించుకోలేదు నేను.

ఇక్కడ పార్కులోకి రావడానికి టికెట్టు లేదు, కారు పార్కింగ్‌కి మాత్రమే డబ్బులు. ఒకప్పుడు ఈ గట్టంతా మిల్లులు, ఫ్యాక్టరీలు, ప్రైవేటు స్థలాలే. జలపాతం చూడాలంటే ఎవరో ఒకరికి డబ్బు కట్టాల్సి వచ్చేది. పార్కుల రూపశిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1885లో ప్రభుత్వం ఈ భూమిని తీసుకుని అందరికీ తెరిచింది. అందుకే చెట్ల నీడన, ఏ కౌంటరూ అడ్డం రాకుండా అంతసేపు నడవగలిగాం.

బోటు గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. మెయిడ్ ఆఫ్ ద మిస్ట్ బోట్లు 1846 నుంచి తిరుగుతున్నాయి, ఇప్పుడవి కరెంటుతో నడుస్తున్నాయి. ఇంజిన్ రొద లేకపోవడంతో హార్స్‌షూ కిందికి చేరేసరికి నీళ్ల హోరు తప్ప ఇంకేమీ వినపడదు. నాన్న కళ్లజోడు మీద తుంపర పేరుకుంది. నీలం రంగు రెయిన్‌కోటుతో తుడిస్తే ఇంకా మసకబారింది. చివరికి జోడు తీసి జేబులో పెట్టుకుని, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, తల పైకెత్తి నిలబడిపోయారు. 57 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్న నీళ్లు ఆయనకి తెల్లటి గోడలా మాత్రమే కనిపించి ఉండాలి. దిగాక, ‘ఎంత డిశ్చార్జ్ ఉంటుందో కనుక్కోరా’ అన్నారు.

గైడ్‌ని అడిగాను. సెకనుకి లక్ష ఘనపుటడుగులంది. ‘లక్ష క్యూసెక్కులు!’ అన్నారు నాన్న, ఎవరో పాత పరిచయస్థుడి పేరు విన్నట్టు. మనకి వరదల రోజుల్లో వార్తల్లో వినే లెక్కే కదా. ఆ అమ్మాయి ఇంకా వివరంగా చెప్పింది. అమెరికా, కెనడా 1950లో ఒప్పందం చేసుకున్నాయి. పర్యాటకుల సీజన్లో పగటిపూట లక్ష క్యూసెక్కులకి తగ్గకుండా జలపాతం మీదికి వదలాలి. రాత్రుళ్లు, చలికాలంలో అందులో సగం వదిలితే చాలు. మిగతా నీళ్లు పైనుంచే సొరంగాల్లోకి మళ్లి, రెండు దేశాల పవర్ హౌసులకీ పోతాయి. అంటే మనం చూసేది నదిలో కొంత భాగమే. నాన్న అది విన్నాక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. వంతెన దాటి గోట్ ఐలండ్ చేరేసరికి టూర్ సగం సమయం అయిపోయింది. మా గుంపులో పాతిక మంది దాకా ఉన్నారు. గైడ్‌కి పైనుంచి టైమ్ లెక్క ఉన్నట్టుంది, మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. గోట్ ఐలండ్ మీద నికోలా టెస్లా కంచు విగ్రహం ఉంది. ఒడిలో కాగితాలు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. 1976లో యుగోస్లావియా కానుకగా ఇచ్చింది. పిల్లలంతా ఆ ఒళ్లోకి ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. నయాగరా నీళ్లతో తీసిన ఏసీ కరెంటు 1896లో బఫెలో నగరానికి చేరింది, దాని వెనక ఉన్న మనిషి ఈయనే. నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టి, విగ్రహం మోకాలి మీద చెయ్యి వేశారు. ఫొటో తియ్యమని అడగలేదు. నేను ఫోన్ బయటికి తీసేలోపే గుంపు మెట్లు దిగి లూనా ఐలండ్ వైపు వెళ్లిపోతోంది. టెన్షన్ పడుతూ ‘నాన్నా, పదండి పదండి’ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కేవ్ ఆఫ్ ద విండ్స్ మాత్రం ఖర్చు పెట్టిన ప్రతి డాలరుకీ తగినదే. పేరులో గుహ ఉంది గానీ అసలు గుహ 1954లో కూలిపోయింది. ఇప్పుడు లిఫ్టులో కిందికి దిగి, చిన్న సొరంగం దాటి, చెక్క మెట్ల దారుల మీద బ్రైడల్ వీల్ జలపాతం కాళ్ల దగ్గరికి వెళ్తాం. చలికాలపు మంచు విరగ్గొట్టేస్తుందని ఈ చెక్క దారుల్ని ఏటా తీసేసి, వసంతంలో మళ్లీ కడతారట. వేసుకోవడానికి రబ్బరు శాండిల్స్ మాకు వాళ్లే ఇచ్చారు. అమ్మ పట్టీ బిగించుకుంటూ ‘ఇవి జారవు కదా’ అని రెండుసార్లు అడిగింది. నిజంగానే జారలేదు. హరికేన్ డెక్ అనే పై మెట్టు జలపాతానికి 20 అడుగుల దూరంలోనే ఉంటుంది. అక్కడ పడే నీళ్లని తుంపర అనలేం, బిందెలతో కుమ్మరించినట్టే ఉంటుంది. అక్కడికి ఎక్కకుండా కూడా తిరిగి రావచ్చు. అమ్మ కింది మెట్టు మీదే ఆగి, రాళ్ల మధ్య గూళ్లు కట్టుకున్న పక్షుల్ని చూస్తూ హాయిగా కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. మెట్లు చాలానే ఉన్నాయి గానీ తొందరపెట్టేవాళ్లు లేకపోతే మెల్లగా ఎక్కి దిగొచ్చు. మా టూర్ వాళ్లు పైన 30 నిమిషాల్లో కలవాలన్నారు. అమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ‘సులువైన నడక’ అని రాసేవాళ్లు ఎన్ని మెట్లున్నాయో కూడా రాయాలి. అది కనీస బాధ్యత.

మేం దిగిన హోటల్ పార్కుకి పది నిమిషాల నడక. మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి కాబట్టి అమ్మ తెచ్చిన పులిహోర, పెరుగు రెండు రోజులూ ఆదుకున్నాయి. గది శుభ్రంగా ఉంది, రిసెప్షన్లో మర్యాదగా మాట్లాడారు. కానీ బుకింగ్ అప్పుడు చూపించిన ధరకి పార్కింగ్, రిసార్ట్ ఫీజు అంటూ చెకౌట్‌లో ఇంకో 60 డాలర్లు కలిపారు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మొత్తం ఎంతవుతుందో గట్టిగా అడగండి. నడిచి వెళ్లగలిగే హోటల్ మాత్రం తప్పకుండా తీసుకోండి. రాత్రి కెనడా గట్టు నుంచి జలపాతాల మీద రంగు దీపాలు వేస్తారు, అది చూసి నిద్రకళ్లతో కారు తియ్యాల్సిన పని ఉండదు. బయట భోజనానికి ఇండియన్ రెస్టారెంట్లు దగ్గర్లోనే ఉన్నాయి. రుచి మామూలే, వేడిగా దొరుకుతుంది.

రెండోరోజు గైడ్ లేకుండా ముగ్గురమే బయల్దేరాం. పొద్దున్నే గోట్ ఐలండ్ చివర ఉన్న త్రీ సిస్టర్స్ దీవులకి వెళ్లాం. మేం తీసుకున్న టూర్లో ఇవి లేనే లేవు. నన్ను అడిగితే నయాగరాలో మొదట చూడాల్సింది ఇదే. చిన్న చిన్న వంతెనలు, చెట్లు, మధ్యలో రాళ్ల మీద పలచగా పారే నీళ్లు. చివరి దీవి అంచున నిలబడితే నది మన కన్నా ఎత్తు నుంచి మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. మెట్లు మెట్లుగా, నురగలు కక్కుతూ. దూకబోయే నీళ్లు ఇవి. ఎక్కడా టికెట్టు లేదు, అప్పటికి మాతో కలిపి ఐదుగురం ఉన్నామేమో. నీళ్లలోకి మాత్రం దిగకండి. ఒడ్డున లోతు లేనట్టే కనిపిస్తుంది గానీ రెండడుగుల అవతల ఉరవడి వేరు.

అక్కడి నుంచి నీళ్లతోపాటే నడుచుకుంటూ టెరపిన్ పాయింట్ చేరాం. హార్స్‌షూ అంచు అది. ముందురోజు గుంపులో ఐదు నిమిషాలు చూసిన చోటే. కానీ పైనుంచి ఆ నీళ్ల వెంట వచ్చాక చూస్తే వేరుగా ఉంది. అంచు దగ్గర నీరు ఒక్క క్షణం గాజులా నున్నగా ఒంగుతుంది. చిక్కటి ఆకుపచ్చ. నీటిలో కరిగిన లవణాలు, అరిగిన రాతిపొడి వల్ల ఆ రంగు వస్తుందట. ఆ ఒంపు దాటగానే అంతా తెలుపు. నాన్న కళ్లజోడు ఈసారి పొడిగానే ఉంది.

అమ్మ అలిసిపోతే పార్కు ట్రాలీ ఎక్కించాం. కొద్ది డాలర్లకే టికెట్టు, కావాల్సిన చోట దిగి మళ్లీ ఎక్కొచ్చు. నడక టూర్ కన్నా పెద్దవాళ్లకి ఇదే మేలు. కొంత నడక, కొంత ట్రాలీ.

దారిలో టెస్లా దగ్గర మళ్లీ ఆగాం. ఈసారి నాన్నని ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కారులో నది వెంబడి కిందికి వెళ్లి, రాబర్ట్ మోసెస్ జలవిద్యుత్ ప్లాంట్ దగ్గరున్న పవర్ విస్టా అనే సందర్శకుల కేంద్రం చూశాం. అక్కడ కూడా ప్రవేశం ఉచితం. నది లోయ పక్కన వరసగా కరెంటు తీసే 13 యూనిట్లు. నాన్న మోడల్ టర్బైన్ ముందు నిలబడి, పక్కనున్న ఎవరో అమెరికన్ కుర్రాడికి అది ఎలా తిరుగుతుందో చేతులతో చూపిస్తూ తనకొచ్చిన ఇంగ్లిష్‌లో వివరించడం మొదలుపెట్టారు. అమ్మ, నేను బెంచీ మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. ఆ కుర్రాడు వెళ్లాక ఇంకొకడు వచ్చాడు.